బూడిద మీద అరచెయ్యి

మూడు వారాల కిందట ఓ సాయంత్రం పని నుంచి ఇంటికొచ్చేసరికి వంటింటి గట్టు మీద కిలో బియ్యం పొట్లం కనబడింది. సగం వాడేసి, మూతికి దారం కట్టి ఉంది. మా సందు చివరి కొట్లో అమ్మే లావు బియ్యం. డబ్బా నిండా సన్నబియ్యం పెట్టుకుని ఇవెవరు కొన్నారా అని ఆరా తీస్తే, అమ్మ. మోకాలి నొప్పి చూపించుకోవడానికి ఊరి నుంచి తెనాలి వచ్చి, అప్పటికి పది రోజులుగా మా ఇంట్లోనే ఉంటోంది. రోజూ పొద్దున్నే నేనే వండి వెళ్తాను. ఆ రోజు మా అమ్మాయి బడి నుంచి తొందరగా వచ్చి ఆకలంటే వేడిగా ఇంత వండి పెట్టిందట.

"ఇన్ని బియ్యం ఉండగా ఆ కాలేసుకుని కొట్టుకెళ్ళడం ఏంటమ్మా?" అన్నాను.

"డబ్బాలో నీ చెయ్యి ఉందిగా. చెరిగిపోద్దని తియ్యలేదు," అంది అమ్మ, కూర కలుపుతూ.

మామూలుగానే అంది, ఎత్తిపొడుపేమీ లేదు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. బియ్యం తీసిన ప్రతిసారీ పైన చదును చేసి, అరచెయ్యి గట్టిగా అదిమి, ఐదువేళ్ళూ పడ్డాక మూత పెట్టడం నాకు అలవాటు. ఎవరైనా గుప్పెడు తీస్తే ముద్ర చెరుగుతుంది, దొంగ దొరుకుతుంది. పనమ్మాయి కొత్తది. అసలు నాకు అనుమానం ఎక్కువ, ఒప్పుకుంటాను. అమ్మ వచ్చింది కదా, మానేద్దామన్న ఆలోచన కూడా రాలేదు. ఈ విద్య నాకు మా నాయనమ్మ దగ్గర అబ్బింది. దాని మూలంగానే నా పదేళ్ళ వయసులో మా అమ్మ నన్ను నమ్మడం మానేసింది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు గాని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

మాది తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలో ఓ చిన్న ఊరు. స్టేషన్లో దిగి చేల గట్ల మీద అరగంట నడవాలి. వరి కొయ్యకముందే ఆ చేలోనే మినుములు చల్లేవాళ్ళు. వరి ఇంటికి చేరేసరికి మినుము మొలక నవ్వుతూ ఉండేది. వడ్లు నాన్నవి, మినుములు నాయనమ్మవి అన్నట్టుగా సాగేది ఇంట్లో పెత్తనం. వడ్లు అమ్మిన డబ్బు వచ్చినట్టే వచ్చి ఎరువుల కొట్టుకి పోయేది. మినుములు మాత్రం ఇంట్లోనే ఉండేవి. ధర పెరిగాక అమ్ముదామని చివరి గదిలో ఐదు పెద్ద బానల్లో పోసి ఉంచేవాళ్ళు.

ఖర్చంటే మా ఇంట్లో అందరికీ భయమే. సబ్బు అరిగి బిళ్ళంత అయితే కొత్త సబ్బు వీపుకి అతికించాల్సిందే. చుట్టాలొస్తే కాఫీలో పాలు తగ్గేవి, మాటల్లో తీపి పెరిగేది. నాన్న అప్పుడే సెల్‌ఫోను కొన్నాడు. మాట్లాడటానికి కాదు, మిస్డ్ కాల్ ఇవ్వడానికి. ఒక్క రింగయితే యూరియా దొరికిందని, రెండు రింగులైతే బండి పంపమని. ఒకసారి అవతలి మనిషి అలవాటు తప్పి ఫోనెత్తి "హలో" అన్నందుకు నాయనమ్మ ఆయన్ని వారం రోజులు తిట్టింది.

నాయనమ్మ ఎవరినీ నమ్మేది కాదు. బ్యాంకుని నమ్మదు, పోస్టాఫీసుని నమ్మదు, కోడల్ని అసలే నమ్మదు. బానల్లో మినుములు పోశాక పైన వేపాకు పరిచి, దాని మీద జల్లించిన బూడిద రెండంగుళాల మందాన పోసేది. పురుగు పట్టకుండా అందరూ చేసే పనే అది. మా నాయనమ్మ ఇంకో అడుగు ముందుకేసి ఆ బూడిద మీద కుడిచెయ్యి అదిమేది. ఆవిడ చిటికెన వేలు కొడవలి తగిలి వంకర తిరిగింది. ఆ వంకర వేలి గుర్తు ఇంకెవరూ వెయ్యలేరు. రోజూ పొద్దున్నే మూతలెత్తి ఐదు చేతులూ చూసుకునేది. ఆ గదిలో వేపాకు, బూడిద, పాత గోనెల వాసన కలిసి ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నేనేదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఉలిక్కిపడతాను.

నిజంగానే దొరికిపోయాను కూడా. ఎండాకాలంలో సైకిలు మీద ఐసు అమ్మే అతను వచ్చేవాడు. డబ్బుల్లేని పిల్లలు గింజలిస్తే పుల్లైసు ఇచ్చేవాడు. గౌను జేబు నిండా వడ్లకి తెల్ల ఐసు, మినుములకైతే పాలైసు. ఓ మధ్యాహ్నం నాయనమ్మ కునుకు తీస్తుంటే చివరి బానలోంచి రెండు గుప్పిళ్ళు తీశాను. బూడిద సర్ది, నా చెయ్యే అదిమి వచ్చాను. నా చెయ్యి ఎంతుంటుంది! పాలైసు చివర చీకుతూ అరుగెక్కేసరికి నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో బూడిద.

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఇకమీదట ఐసు కావాలంటే తనని అడగమంది. బదులుగా, మీ అమ్మ వంటింట్లో ఏం తీస్తుందో, ఎవరికేమిస్తుందో చూసి చెప్పమంది. మీ అమ్మకి చెప్పకు, ఇది నీకూ నాకూ మధ్య రహస్యం అని నా తల నిమిరింది. పదేళ్ళ పిల్లకి అంతకంటే గొప్ప ఉద్యోగం ఏముంటుంది? నేను ఎగిరి గంతేశాను.

మా అమ్మకి ఏం కావాలో అప్పుడు నాకు తెలియదు. పెద్దయ్యాక పెద్దమ్మ చెబితే తెలిసింది. ఆవిడకి కావలసింది ఒకే ఒక్కటి, తనదంటూ ఒక గేదె. ఇంట్లో గేదెలున్నాయి, పాలున్నాయి, పాల డబ్బులూ ఉన్నాయి. అవన్నీ నాయనమ్మ కొంగు ముడిలోకి పోయేవి. అమ్మకి జాకెట్టు ముక్క కావాలన్నా, రేపల్లె వెళ్ళడానికి రైలు టిక్కెట్టు కావాలన్నా ఇద్దరిని అడగాలి, ముగ్గురికి కారణం చెప్పాలి. ఒక పడ్డ దూడని కొనుక్కుని, మా అక్క సాకమని ఇచ్చిందని చెప్పి కొట్టంలో కట్టేస్తే, అది ఈనాక ఆ పాలు తనవి. ఆ డబ్బు ఎవరినీ అడగక్కర్లేదు. ఆవిడ కోరిక అంతే.

అందుకోసం వంటకి కొలిచిన బియ్యంలోంచి పూటకో పిడికెడు, పప్పు నానబోసేటప్పుడు మినుముల్లోంచి ఓ పిడికెడు వెనక్కి తీసి పాత కుండలో దాచేది. బానల జోలికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఇది మాత్రం మీరు గుర్తుంచుకోవాలి.

దాచినవి ఎక్కడ డబ్బు చేసుకోవాలి? ఊళ్ళో అప్పటికే ఆడవాళ్ళ పొదుపు సంఘాలు వచ్చాయి. అందులో చేరాలంటే నాన్న సంతకం పెట్టాలి, పదిమందిలో కూర్చోవాలి, పది నోళ్ళు. ఊళ్ళో కొట్టువాడికి అమ్మితే సాయంత్రానికి నాన్నకి తెలుస్తుంది. మిగిలింది ఒక్క మనిషి. ఆమెని పిల్లలందరం రొయ్యపొట్టత్త అనేవాళ్ళం.

ఆమె సముద్రం ఒడ్డున పల్లె నుంచి మంగళవారం మంగళవారం వచ్చేది. తెల్లారుజామున బస్సెక్కి రేపల్లె, అక్కడి నుంచి రైల్లో మా స్టేషను, అక్కణ్ణించి నెత్తిన గంపతో నడక. రొయ్యపొట్టు, నెత్తళ్ళ ఎండుచేపలు తెచ్చేది. మనిషి కంటే ముందు వాసన వచ్చేది వీధిలోకి. ఆ పూట ఏ ఇంట్లో చూసినా వంకాయ రొయ్యపొట్టు కూరే. డబ్బులు తీసుకునేది కాదు, గింజలకే ఇచ్చేది. అందరినీ వరసలు కలిపి పిలిచేది గాని ఆమెకి మా ఊళ్ళో ఒక్క చుట్టం లేడు, ఎవరింట్లోనూ కూర్చుని కబుర్లు చెప్పదు. ఆడవాళ్ళకి కావలసింది అదే.

ఓ మంగళవారం నేను గడ్డివామి చాటున నక్కి చూశాను. పెరటి గుమ్మంలో అమ్మ చేపలకి కొలిచిన గింజలు కాక, ఇంకో చిన్న మూట తీసి గంప అడుగున పెట్టింది. రొయ్యపొట్టత్త నడుముకి బోలెడన్ని తాళ్ళు చుట్టుకుని ఉంది. వలలు అల్లే సన్న తాళ్ళు. ఒక్కో తాడు కొసకి ఒక్కో రంగు దారం. వాటిలోంచి ఒకటి లాగి, మూట చేత్తో ఎత్తి చూసి, రెండు ముళ్ళు వేసి మళ్ళీ నడుముకి చుట్టుకుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

నేను పరుగెత్తుకెళ్ళి నాయనమ్మకి చెప్పాను. మూట సంగతి వినేసరికి ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. ముళ్ళ సంగతి చెప్పేసరికి మాత్రం చేతిలో తమలపాకు జారిపోయింది.

"ఏ తాడుకి వేసిందే? తెల్లదారం ఉన్నదానికా?"

"కాదు నాయనమ్మా. ఆకుపచ్చ దారం. అమ్మ చీర దారంలాగే ఉంది."

నాయనమ్మ గట్టిగా ఊపిరి వదిలి ఆకు తీసుకుంది. తెల్లదారం తాడొకటుందని ఆవిడకెలా తెలుసో అడగాలని నాకు తట్టలేదు. ఆ రోజు నాకు రెండు పాలైసులు.

ఆ రాత్రి పెద్ద గొడవవుతుందని చూశాను. కాలేదు. వారం గడిచాక నాన్న మినుములు బేరం పెడదామని బానలు తీసి కొలిస్తే, ఉండాల్సినదాని కంటే బాగా తక్కువున్నాయి. నాయనమ్మ ముఖం పక్కకి తిప్పుకుని, నన్నడిగితే నేనేం చెప్పను, చేతులున్నవాళ్ళు ఇంట్లో ఇంకా ఉన్నారుగా అంది. నాన్న అమ్మ మీద లేచాడు. పుట్టింటికి మోస్తున్నావా అని అరిచాడు. బాన ముట్టుకోలేదని అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. అంతకు మించి నోరు విప్పలేదు. విప్పితే గేదె పోతుంది. ఆ మర్నాటి నుంచి చేపల బేరం నాయనమ్మ చేతుల్లోకి పోయింది. మంగళవారం వస్తే అమ్మ లోపల రోలు దగ్గర ఉండాల్సిందే. వీధరుగు మీద నాయనమ్మా, రొయ్యపొట్టత్తా గుసగుసలాడేవాళ్ళు.

తన సంగతి బయటికెలా పొక్కిందో అమ్మకి అంతుపట్టలేదు. పాలేరు పెళ్ళాన్ని అనుమానించి ఆమెతో మాటలు మానేసింది. నన్ను మాత్రం అనుమానించలేదు. నా జడ వేస్తూ, ఈ ఇంట్లో నువ్వొక్కదానివే నా మనిషివి అనేది. నేను తల వంచి జడ వేయించుకునేదాన్ని. నోట్లో ఐసు తీపి ఇంకా ఉండేది.

ఆ శీతాకాలం వరి కుప్పలు వేసి ఉండగా, ఓ ఆదివారం పొద్దున సముద్రం పొంగింది. ఎదురింటి టీవీలో చూశాం. సునామీ అన్న మాట అప్పుడే విన్నాం. మా ఊరికి నీళ్ళు రాలేదు. మంగళవారం వచ్చింది గాని రొయ్యపొట్టత్త రాలేదు. మరుసటి మంగళవారమూ రాలేదు.

అప్పుడు చూడాలి మా వీధిని. ఆడవాళ్ళందరికీ ఒక్కసారిగా ఎండుచేపల మీదికి మనసు మళ్ళింది. ఒకావిడ గుమ్మంలో నిలబడి స్టేషను దారి చూసేది. ఇంకొకావిడ బావి దగ్గరికి నాలుగుసార్లు వెళ్ళొచ్చేది, బిందె నిండే ఉండేది. "రొయ్యపొట్టు తిని ఎన్నాళ్ళయిందో," అని ఒకరంటే, "నోరు చచ్చిపోయిందనుకో," అని ఇంకొకరు. చూపులు మాత్రం ఒకరి మీద ఒకరికి, నీకెందుకింత ఆత్రం అన్నట్టు. సముద్రంలో పోయిందని కొందరు, బాపట్ల వైపు చుట్టాల దగ్గరికి మకాం మార్చేసిందని కొందరు. మార్చేసిందన్న మాట వచ్చినప్పుడల్లా అందరి ముఖాలూ మాడిపోయేవి. నలుగురిలో పెద్దగా తిట్టింది మా నాయనమ్మే. ఊరూపేరూ తెలియని మనిషిని నమ్మినవాళ్ళెవరో గాని వాళ్ళకి బుద్ధి లేదంది. ఇంటికొచ్చి ఆ పూట అన్నం తినలేదు.

రెండు నెలలు గడిచాయి. ఓ రోజు అమ్మ నాన్న దగ్గరికెళ్ళి, పిల్లకి చెవిపోటు ఎక్కువగా ఉంది, రేపల్లె డాక్టరుకి చూపిస్తానంది. నాకే నొప్పీ లేదు. తెల్లబోయి చూస్తుంటే నా భుజం నొక్కింది. చెవి పట్టుకుని ఏడుపు ముఖం పెట్టాను. నాన్న సరే అన్నాడో లేదో, మంచం మీంచి నాయనమ్మ లేచింది.

"నేనూ వస్తానమ్మాయ్. కళ్ళు మసకలేస్తున్నాయి, అద్దాలు పెట్టించుకోవాలి."

తన కోసం రూపాయి తియ్యని మనిషి టిక్కెట్టు కొనుక్కుని రేపల్లె రావడమేంటో నాన్నకి అర్థం కాలేదు. అమ్మ ముఖం పాలిపోయింది. రైల్లో ముగ్గురం మూడు దిక్కులు చూస్తూ కూర్చున్నాం. కిటికీలోంచి మినుము పీకిన చేల వాసన వస్తోంది. అమ్మ చీర కొంగు అంచు నలుపుతూనే ఉంది. దిగే ముందు నాయనమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, మీ అమ్మ ఎక్కడికెళ్తుందో చూసి చెప్పు అంది. కాసేపటికి అమ్మ నా చెవిలో, ఇవాళ మనం ఎక్కడికెళ్ళామో నాయనమ్మకి చెప్పకు అంది. ఇద్దరికీ తల ఊపాను.

బస్టాండు దగ్గర నాయనమ్మ ఓ అరుగు చూసుకుని, నాకు కాళ్ళు లాగుతున్నాయి, మీరు వెళ్ళి చెవి చూపించుకుని రండి అంది. అమ్మ నన్ను సందులోకి తిప్పి, వెనక వైపు నుంచి మళ్ళీ బస్టాండుకే తీసుకొచ్చింది. సముద్రం పల్లెల బస్సులు ఆగేచోట చేపలవాళ్ళు వరసగా గంపలు పెట్టుకుని కూర్చుంటారు. అమ్మ ఒకామె ముందు వంగి, మెడ మీద పెద్ద పుట్టుమచ్చ ఉంటుంది, మా ఊరి వైపు రొయ్యపొట్టు తెస్తుంది, ఆమె ఉందా అని అడిగింది. అడుగుతుండగానే పక్క గంప అవతలి నుంచి ఇంకో గొంతు అదే మెడ, అదే పుట్టుమచ్చ, అదే రొయ్యపొట్టు గురించి అడుగుతోంది. అమ్మ తలెత్తింది. అవతల నాయనమ్మ తలెత్తింది.

నా చెవిపోటు గురించి గాని, ఆవిడ కళ్ళద్దాల గురించి గాని ఎవరూ ఎత్తలేదు. చేపలామె ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "బతికే ఉందమ్మా. బజార్లో గాజుల సాయిబు గారి కొట్టు దగ్గర ఊడుస్తా ఉంటది, పోయి చూడండి," అంది. అక్కడి దాకా ముందు నాయనమ్మ, వెనక అమ్మ, మధ్యలో నేను నడిచాం.

రొయ్యపొట్టత్త చిక్కి సగమైంది. మమ్మల్ని చూసి చీపురు కింద పడేసి, దణ్ణం పెట్టి ఏడ్చేసింది. ఇల్లు పోయింది, పడవ ముక్కలైంది, మనుషులం మిగిలాం అంది.

"మరి రెండు నెలలనించీ ఊళ్ళోకి రాలేదేంటి?" అంది నాయనమ్మ. గొంతులో జాలి కంటే నిలదీతే ఎక్కువ.

"ఎలా వచ్చేదండి పెద్దమ్మగారూ? అమ్ముకోడానికి చేపల్లేవు. ఖాళీ గంపతో వస్తే ఎందుకొచ్చిందని మగాళ్ళు ఆరా తియ్యరా అండి? మీ అందరి గుట్టూ బయటపడిపోద్ది. చేపలు పడితే వద్దామని కాసుకునున్నానండి."

సాయిబు గారు పెద్దాయన. మాకు బల్ల చూపించి కూర్చోమన్నారు. మా ఊరి గింజలు అమ్మిన డబ్బంతా ఆమె ఆయన దగ్గరే దాచింది. ఖాళీ గాజుల పెట్టెల్లో, ఏ పెట్టెకి ఆ రంగు దారం కట్టి. సొంత పల్లెలో పెట్టుకుంటే వలకని, డీజిలుకని తనవాళ్ళే అడుగుతారని, సాయిబు గారికైతే తన పల్లెలో చుట్టాలెవరూ లేరని చెప్పింది. పూట గడవనప్పుడు అందులోంచి తీసుకోమ్మా, తర్వాత పెడుదువు అని తాను చెప్పి చూశానని, వింటేగా అని సాయిబు గారన్నారు.

రొయ్యపొట్టత్త నడుము చుట్టూ ఉన్న తాళ్ళు విప్పింది. నీళ్ళొచ్చినప్పుడు చుట్టుకుని ఉన్నవి అవే. వాటిలోంచి రెండు వేరు చేసింది.

"ఆకుపచ్చది చిన్నమ్మగారిది. తెల్లది పెద్దమ్మగారిది."

తెల్లదారం తాడు మీద ముళ్ళు ఆకుపచ్చదానికి మూడింతలున్నాయి. బానల్లో తగ్గిన మినుములు ఎక్కడికెళ్ళాయో అమ్మకి ఆ ముళ్ళు చూడగానే తెలిసిపోయింది. వంకర చిటికెన వేలున్న చెయ్యి తానే గింజలు తీసి, తానే మళ్ళీ అదుముకుంటే ఎవరు కనిపెడతారు?

"అత్తయ్యా, మీరా?" అంది అమ్మ. "నా చేత పిల్ల మీద ఒట్టు వేయించారు."

నాయనమ్మ తాడు మీద ముళ్ళు వేలితో తడిమింది. తర్వాత, నా దినాలకి నా కొడుకు ఎరువుల కొట్టువాడి దగ్గర చెయ్యి చాపకూడదని దాచుకున్నానంది. ఆ మాట అంటుంటే మొదటిసారి ఆవిడ ముసలిదానిలా కనబడింది. ఆపైన, తప్పంతా తన మీదే ఉండిపోతుందని భయమేసిందో ఏమో, నా వైపు చెయ్యి చూపించింది.

"నీ తాడు సంగతి నాకెప్పుడో తెలుసు. అయినా మీ ఆయనకి చెప్పానా? ఇది వచ్చి చెప్పింది, ఐసు కోసం."

అమ్మ నన్ను చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. తిడితే బాగుండేది. నా భుజం మీద ఉన్న చెయ్యి తీసేసి, ఆ చేత్తో తన తాడు తీసుకుంది. ఆ రోజు తీసిన చెయ్యి మళ్ళీ నా భుజం మీదికి అంత తేలిగ్గా రాలేదు.

నాయనమ్మ తన డబ్బు పుచ్చుకోలేదు. "నేనిప్పుడే చావనులే. దీంతో పడవ బాగుచేయించుకో, మళ్ళీ నిదానంగా జమ చేద్దువు," అని రొయ్యపొట్టత్తకే వదిలేసింది. వదిలేసి, ముళ్ళు మాత్రం మూడుసార్లు లెక్కపెట్టుకుంది. అమ్మ తన పెట్టె తీసుకుంది.

తిరుగు రైల్లో అత్తాకోడళ్ళిద్దరూ ఒక బల్ల మీద కూర్చున్నారు. ఎదుటి బల్ల మీద నేనొక్కదాన్నే. జామకాయలు కొని నాకే పెద్దది ఇచ్చారు. తర్వాత తలలు దగ్గరపెట్టి, గేదెని మీ అక్క ఇచ్చిందందాం, నాకు ముందే చెప్పిందని నేనంటాలే అంటూ నాయనమ్మ చెబుతోంది. నేను ముందుకు వంగి విన్నాను. ఇద్దరూ ఒక్కసారిగా మాట ఆపి నా వైపు చూశారు. ఆ చూపు ఒక్కలాగే ఉంది. నేను వెనక్కి జరిగి, జామకాయ ఒళ్ళో పెట్టుకున్నాను.

గేదె వచ్చింది. నాన్న నమ్మాడు. అమ్మ పాల డబ్బులు ఎక్కడ దాచేదో నాకెప్పుడూ తెలియలేదు. నేను గదిలోకి అడుగుపెడితే వాళ్ళిద్దరి మాటలు ఆగిపోయేవి. బూడిద మీద ముద్ర వెయ్యడం అత్తగారి నుంచి కోడలికి వచ్చింది. ఇక ఆ ఇంట్లో ఆ ముద్ర ఎవరి కోసమో నాకు తెలుసు. నాలుగేళ్ళ తర్వాత నాయనమ్మ పోయినప్పుడు, రొయ్యపొట్టత్త ఖాళీ గంపతో పట్టపగలు అందరూ చూస్తుండగా మా గుమ్మంలోకి వచ్చింది. తెల్లదారం కట్టిన గాజుల పెట్టె తీసి నాన్న చేతిలో పెట్టింది. నాన్న దినాలకి ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు.

ఇప్పుడు వడ్లు దాచే పురులు లేవు, బానలు లేవు. యంత్రం కోసిన వడ్లు కోసినట్టే లారీ ఎక్కుతున్నాయి. ఐసుకి గింజలు తీసుకునేవాడూ లేడు. నాకు మిగిలింది ఈ అనుమానం ఒక్కటే.

కొట్టు బియ్యం కనబడిన ఆ రాత్రే, అమ్మ పడుకున్నాక డబ్బా మూత తీసి నా ముద్ర చెరిపేశాను. పొద్దున్నే, ఇక వెయ్యను, నీకు కావలసినన్ని తీసుకోమ్మా అన్నాను. అమ్మ "ఊఁ" అంది. ఆ తర్వాత గమనిస్తున్నాను. బియ్యం కాస్త తొందరగా తగ్గుతున్నాయి. గట్టు కింద పాత సీసా ఒకటి నిండుతోంది. అమ్మా, పనమ్మాయీ ఏదో గుసగుసలాడుకుంటున్నారు, నేను వెళ్తే ఆపేస్తున్నారు. పాత అనుమానం మళ్ళీ లేచింది. ఏం దాస్తోంది, ఎవరి కోసం, ఈ వయసులో ఇంకా ఏ గేదె? మా ఆయన కూడా అడిగాడు, బియ్యం ఈసారి అప్పుడే అయిపోవచ్చాయేంటని. పిల్ల బాగా తింటోందన్నాను.

నిన్న సాయంత్రం మా అమ్మాయి నా ఒళ్ళో చేరి, నా చెవి దగ్గర నోరు పెట్టింది.

"అమ్మా, అమ్మమ్మ రోజూ బియ్యం తీసి ఏం చేస్తోందో చెప్పనా?"

దాని నోటికి నా చెయ్యి అడ్డుపెట్టాను. "వద్దు. నాకు చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు," అన్నాను.

వంటింట్లో అమ్మ బియ్యం చెరుగుతోంది. చేట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.